నిర్దోషి అని రాసే ముందు

కోర్టు వార్త దిద్దుతున్నప్పుడు ‘నిర్దోషి’ అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగుతుంది. ఇంగ్లీషు కాపీలో డిశ్చార్జ్ అని ఉన్నా, అక్విట్ అని ఉన్నా, ఎగ్జానరేట్ అని ఉన్నా మన డెస్కుల్లో చాలాసార్లు అదే హెడ్డింగ్ పడుతుంది. ఆ మనిషికి నిజంగా ఏం జరిగిందో పాఠకుడికి తెలియదు.

డిశ్చార్జ్ అంటే అభియోగాలు మోపేంత ఆధారమే లేదని కోర్టు ముందే వదిలేయడం. సాక్షులు బోనెక్కరు. అక్విటల్ అలా కాదు. విచారణంతా నడిచి, నేరం రుజువు కాక కేసు కొట్టేస్తారు. అప్పీలుకు వెళ్లొచ్చు గానీ, అదే నేరానికి మళ్లీ కొత్తగా విచారణ పెట్టడానికి వీల్లేదు. డిశ్చార్జ్‌కి ఆ రక్షణ లేదు. అది అక్విటల్ కిందికి రాదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 337వ సెక్షన్ వివరణలోనే ఉంది. ఇక ఎగ్జానరేట్ అంటే, ఆ తప్పు అతను చెయ్యనే లేదని తేల్చడం.

ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ సంగతే చూడండి. గూఢచర్యం ఆరోపణపై 1994 నవంబరులో కేరళ పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు. 50 రోజులు జైల్లో ఉన్నారు. ఆరోపణల్లో పస లేదని 1996లో సీబీఐ నివేదిక ఇచ్చింది, ఎర్నాకుళం కోర్టు డిశ్చార్జ్ చేసింది. అయినా రాష్ట్ర ప్రభుత్వం మళ్లీ దర్యాప్తుకు పూనుకుంది. 1998లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కేసు పోయింది, పోయిన పరువు మాత్రం రాలేదు. దానికోసం ఆయన ఇంకో ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ అరెస్టే అనవసరమని 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు చెప్పింది. 50 లక్షల పరిహారం ఇవ్వమంది, బాధ్యులైన అధికారుల సంగతి తేల్చమని జస్టిస్ డి.కె. జైన్ కమిటీని వేసింది. మరుసటి ఏడాది పద్మభూషణ్ వచ్చింది. 1996 నాటి వార్తకూ 2018 నాటి వార్తకూ ఒకే హెడ్డింగ్ పెడితే, మధ్యలో ఆ మనిషి పడ్డ పాట్లన్నీ తుడిచేసినట్టే.

పేరు లేని మామూలు మనుషులకు ఈ తేడా ఇంకా గట్టిగా తగులుతుంది. పోలీసు ఉద్యోగానికి వెళ్లిన కుర్రాణ్ణి గౌరవంగా విడుదలయ్యావా, సంశయలాభం మీద బయటపడ్డావా అని అడుగుతారు. మనం రాసిన క్లిప్పింగే అతని ఊళ్లో సాక్ష్యం అవుతుంది.

కొత్తగా డెస్కుకి వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాదొకటే మనవి. తీర్పులో ఆదేశం ఉన్న పేజీ దాకా చదవండి. విచారణ జరిగిందా, కోర్టు ఏ కారణంతో వదిలేసిందో మొదటి పేరాలోనే రాయండి. హెడ్డింగ్ ఆ తర్వాత పెట్టండి.