తిథి తెలిసిన ఉపవాసం

మహాశివరాత్రి వచ్చిందంటే పెనుబల్లి మండలంలో దారులన్నీ నీలాద్రి వైపే. అడవిలో కొలువైన నీలాద్రీశ్వరుణ్ణి దర్శించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదులుతాయి. మిరప కోతల కాలమది. పొద్దున్నే తలస్నానం చేసి ఉపవాసం పట్టినవాళ్లలో చాలామంది కూలిపని మాత్రం మానరు. పొద్దు వాలాక ఇంటికొచ్చి, మళ్లీ నీళ్లు పోసుకుని, జాగారానికి బయలుదేరతారు.

2025లో ఈ పండుగ ఫిబ్రవరి 26, బుధవారం వచ్చింది. ఆ పొద్దున పంచాంగం చూసినవాళ్లకు ఒక సందేహం కలిగింది. సూర్యోదయానికి ఉన్నది త్రయోదశి. చతుర్దశి ఉదయం 11 దాటాక మొదలై, మర్నాడు ఉదయం 9 కాకముందే వెళ్లిపోయింది. సూర్యుడు ఉదయించేటప్పుడు ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ తిథే పేరు కదా! ఆ లెక్కన చతుర్దశి 27నాడు. మరి శివరాత్రి 26న ఎందుకు చేసుకున్నాం?

జవాబు పండుగ పేరులోనే ఉంది. ఇది రాత్రి పండుగ. లింగోద్భవ కాలం అర్ధరాత్రి. మాఘ బహుళ చతుర్దశి ఏ అర్ధరాత్రి ఉంటే ఆ రాత్రే శివరాత్రి. 26 అర్ధరాత్రి చతుర్దశి ఉంది, 27 అర్ధరాత్రి లేదు. అంతటితో నిర్ణయం అయిపోయింది.

మన వ్రతాల వెనుక ఉన్న విద్య అంతా ఇక్కడే పట్టుబడుతుంది. ప్రతి వ్రతానికీ తనదైన తిథి ఒకటి, తనదైన వేళ ఒకటి. రెండూ కలిసిన రోజే పండుగ. శ్రీరామనవమికి మధ్యాహ్నం నవమి కావాలి. అందుకే భద్రాచలంలో సీతారాముల కల్యాణం నడిమధ్యాహ్నం, అభిజిత్ ముహూర్తంలో జరుగుతుంది. వినాయక చవితికీ మధ్యాహ్నమే ముఖ్యం. దీపావళికి పొద్దుగుంకే వేళ అమావాస్య ఉండాలి. కృష్ణాష్టమికి మళ్లీ అర్ధరాత్రి. ఇలాంటి నిర్ణయాలన్నిటినీ కమలాకర భట్టు 1612లో ‘నిర్ణయసింధు’గా, కాశీనాథ ఉపాధ్యాయుడు 1790లో ‘ధర్మసింధు’గా కూర్చారు. మన పురోహితులు నేటికీ సందేహం వస్తే ఈ రెండు గ్రంథాలే తెరుస్తారు.

అసలు తిథి గడియారంతో ఎందుకు కలవదు? ఆకాశంలో చంద్రుడు సూర్యుడికంటే 12 డిగ్రీలు ముందుకు సాగితే ఒక తిథి. 360 డిగ్రీలకు 30 తిథులు, అంటే ఒక చాంద్రమాసం. చంద్రుడి నడక ఎప్పుడూ ఒకేలా ఉండదు. భూమికి దగ్గరైనప్పుడు వడిగా, దూరమైనప్పుడు నెమ్మదిగా సాగుతాడు. అందుకే ఒక తిథి 19 గంటలకే ముగియవచ్చు, ఇంకొకటి 26 గంటల దాకా సాగవచ్చు. కొన్ని తిథులు రెండు సూర్యోదయాలను తాకుతాయి, అది వృద్ధి. కొన్ని ఒక్క సూర్యోదయాన్నీ తాకకుండానే దాటిపోతాయి, అది క్షయం. రోజును 60 ఘడియలు చేసి, 24 నిమిషాల ఘడియతో ఈ రాకపోకలను పెద్దలు లెక్కగట్టారు.

ఇంకో చిక్కు ఏడాది లెక్కలో ఉంది. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులే. సూర్యుడి ఏడాదికి 365. ఏటా 11 రోజుల తేడాను అలాగే వదిలేస్తే కొన్నేళ్లకు ఉగాది చలికాలంలోకి, సంవత్సరాలు గడిచేకొద్దీ వానాకాలంలోకి వెళ్లిపోతుంది. అలా జరగకుండా ఆపేది అధికమాసం. సుమారు 32, 33 నెలలకొకసారి, సూర్యుడు రాశి మారని చాంద్రమాసం ఒకటి వస్తుంది. దాన్ని అధికంగా లెక్కిస్తాం. శివరాత్రినే చూడండి. 2023లో ఫిబ్రవరి 18. ఆ ఏడాది అధిక శ్రావణం రావడంతో 2024లో మార్చి 8కి జరిగింది. 2025లో ఫిబ్రవరి 26కు, 2026లో ఫిబ్రవరి 15కు మళ్లీ వెనక్కి వచ్చింది. 2026 మే, జూన్‌లలోని అధిక జ్యేష్ఠం దాన్ని 2027లో మార్చి 6కు చేరుస్తుంది. ఇలా ముందుకు వెనక్కు ఊగుతున్నా పండుగ చలి తగ్గి ఎండ ముదిరే ఆ రుతువును మాత్రం దాటదు.

ఇక ఉపవాసం. అది అందరికీ ఒకే కొలతతో పెట్టిన నియమం కాదు. పగలు ఒకేసారి తినేది ఏకభుక్తం. పగలంతా ఉండి చుక్క పొడిచాక తినేది నక్తం. ఎవరినీ అడగకుండా దొరికినదానితో సరిపెట్టుకునేది అయాచితం. ఏమీ తినకుండా ఉండేది పూర్ణోపవాసం. మా నాయనమ్మ కార్తీక సోమవారాలన్నీ నక్తం ఉండేది. తులసికోట దగ్గర దీపం పెట్టి, వాకిట్లో నిలబడి, వేపచెట్టు మీదుగా తూర్పు దిక్కు చూసేది. ‘చుక్క పొడిచిందా నాయనా, చూడు’ అని మమ్మల్ని పిలిచేది. ముందు మా చూపుకే ఆనేది. మేము వేలు చూపిస్తే తానూ చూసి, చేతులు జోడించి, అప్పుడు కంచం ముందు కూర్చునేది. ఆకాశం చూశాక అన్నం తినడం అలా మాకు తెలియకుండానే అలవాటైంది.

ఏకాదశి ఉపవాసంలో ఆరంభం కన్నా ముగింపు గొప్పది. మర్నాడు ద్వాదశి ఉండగానే పారణ చేయాలి, అంటే ఉపవాసం విడవాలి, లేకపోతే వ్రతం నిండదు. అంబరీష మహారాజు కథ ఇదే చెబుతుంది. పారణ వేళకు అతిథిగా వచ్చి, స్నానానికి వెళ్లిన దుర్వాస మహర్షి తిరిగిరాలేదు. అతిథికి పెట్టకుండా తినకూడదు, ద్వాదశి దాటనీయకూడదు. రాజు పెద్దలను అడిగి గుక్కెడు నీళ్లు తాగాడు. నీళ్లు తాగితే తిన్నట్టూ లెక్కే, తిననట్టూ లెక్కే. రెండు ధర్మాలూ నిలిచాయి. నియమం ఎలా పాటించాలో ఆ గుక్కెడు నీళ్లలో ఉంది.

నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, మందులు వ్రతభంగం కావని శాస్త్రమే చెప్పింది. పిల్లలకు, ముసలివాళ్లకు, రోగులకు సడలింపు ఇచ్చింది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరు మాట కాదని కడుపు మాడ్చుకోవలసిన పనిలేదు. శివరాత్రి తెల్లారి మన ఇళ్లలో కందగడ్డలు ఉడకబెట్టి, పుచ్చకాయ కోసి ఉపవాసం విడుస్తారు. ఖాళీ కడుపుకు ముందు మెత్తనిది, చల్లనిది. ఆ జాగ్రత్త నేర్పింది కూడా ఈ ఆచారమే.

పెనుబల్లి దాటి భద్రాచలం అడవుల వైపు పోతే, కోయగూడేలలో ఇదే సంయమం ఇంకో రూపంలో కనిపిస్తుంది. కొత్త పంట చేతికొచ్చినా వేల్పులకు పెట్టి కొత్తల పండుగ చేసేదాకా ముట్టరు. విత్తే ముందు భూమి పండుగ చేస్తారు. ఆ రోజులను పంట పక్వాన్ని బట్టి గూడెం పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. ఒకచోట ఆకాశం చూసి తినడం, ఇంకోచోట చేనును చూసి తినడం. చేతికి అందినదాన్ని వెంటనే నోట పెట్టుకోకుండా వేళకోసం ఆగడం రెండింటికీ మూలం.

ఈ ఆగడంలోనే ఉపవాసం విలువంతా ఉందని నేను నమ్ముతాను. ఆకలి ఏమిటో ఒక్క పూటైనా తెలిస్తే ఎదుటివాడి ఆకలి తెలుస్తుంది. వేళకోసం ఎదురుచూడటం తెలిస్తే ఆకాశంతో చుట్టరికం కలుస్తుంది. ఇప్పుడు పండుగ ఏ రోజో ఫోను చెబుతోంది, ఎందుకో మాత్రం చెప్పడం లేదు. ఒకే పండుగకు రెండు తేదీలు కనిపించగానే శాస్త్రమే తప్పన్నట్టు మాట్లాడుకుంటున్నాం.

ఈ ఉగాదికి పంచాంగం కొంటే పూజగదిలో దాచకండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పేజీ చదవండి. తిథి ఎంతవరకు ఉందో, పండుగకు ఏ వేళ కావాలో వాళ్లచేతనే వెతికించండి. వచ్చే కార్తీక సోమవారం సాయంత్రం వాకిట్లోకి తీసుకెళ్లి, చుక్క పొడిచిందేమో చూడమనండి.