అత్తమ్మ శిలాజం కాదు

పోయిన నెల కోదాడలో మా మేనత్త ఇంటికి వెళ్ళినప్పుడు ఓ చిక్కు వచ్చిపడింది. నవలలు రాసేవాళ్ళకి చిక్కులు కొత్తేం కాదు. కాకపోతే కాగితం మీద చిక్కు వేసేదీ మనమే, విప్పేదీ మనమే. ఇక్కడ అట్లా కుదరలేదు. మా బావ కూతురు, జువాలజీతో డిగ్రీ మూడో ఏడు చదువుతోంది, పెరట్లో బట్టలారేస్తూ ఉన్నట్టుండి అడిగింది:

"చిన్నమ్మా, నన్ను మిర్యాలగూడ మామకే ఇస్తమంటున్నరు. నువ్వేమంటవు?"

మిర్యాలగూడ మామ అంటే ఆ పిల్ల తల్లికి స్వయానా తమ్ముడు. రైసుమిల్లు ఉంది, సాగర్ ఎడమ కాలవ కింద పొలం ఉంది, దురలవాట్లు లేవు. నేను జవాబు వెతుక్కునే లోపల, గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తమ్మ అందుకుంది.

"దాన్నెందుకు అడుగుతవే బిడ్డా! మేనరికం చేసుకునేటోళ్ళంత అడివి మనుషులని అది ఎన్నడో పుస్తకంల రాసె గదా!"

నాకు నోట మాట రాలేదు. రాసిన మాట నిజం. ఇరవయ్యేళ్ళ కింద అచ్చయిన నా మొదటి నవలలో, బావను చేసుకోమని బలవంతపెట్టే తండ్రికి కథానాయిక మూడు పేజీల ఉపన్యాసం ఇస్తుంది. మానవజాతి అనాగరిక దశలో ఉన్నప్పటి పద్ధతి ఇదనీ, పరిణామక్రమంలో మనం దాన్ని దాటి పైకి రావాలనీ దాని సారాంశం. అప్పట్లో ఆ పేజీలు బాగున్నాయని ఉత్తరాలు వచ్చాయి. అత్తమ్మ మాత్రం మేనమామను చేసుకుని యాభై ఏళ్ళు కాపరం చేసిన మనిషి. ఆ నవల ఎవరిచేతో చదివించుకుని విన్నదట. ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి సూర్యాపేటలో మా పుట్టింటికి వెళ్ళి, అటకెక్కి, తాతయ్య ఇనప్పెట్టె దింపించాను. నా ఉపన్యాసానికి మూలం ఆ పెట్టెలోనే ఉంది. 1884లో ఎంగెల్స్ రాసిన పుస్తకానికి తెలుగు అనువాదం. కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం అనేవి ఎట్లా పుట్టాయో చెప్పే పుస్తకం. 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన నేల మాది. మా వైపు పాత ఇళ్ళల్లో గోర్కీ "అమ్మ" పక్కన ఎంగెల్స్ కనిపించడం వింతేం కాదు. నేను ఆర్ట్స్ చదువుకున్నదాన్ని. జీవశాస్త్రం నాకు ఎంత తెలుసో మీకూ అంతే తెలుసనుకోండి. అయినా ఈసారి ఆ పుస్తకాన్ని ఇరవయ్యేళ్ళ పిల్లలా కాకుండా, వంటిల్లూ పెళ్ళిళ్ళూ పంచాయితీలూ చూసిన మనిషిలా చదివాను.

ముందు దాని మంచి చెప్పాలి. కుటుంబం ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, కాలంతో పాటు మారుతూ వచ్చిందనీ, ఆస్తికీ ఆడదాని అణకువకీ సంబంధం ఉందనీ నాకు మొట్టమొదట చెప్పిన పుస్తకం అదే. "పొలం పక్కింటికి పోవద్దు" అనే మాట మీద ఎన్ని పెళ్ళిళ్ళు కుదిరాయో మా మూడు ఊళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. ఆ సంగతిలో ఎంగెల్స్ మా ఇంట్లో కూర్చుని రాసినట్టే ఉంటుంది.

చిక్కంతా ఆయన నమ్మిన ఇంకో పెద్దమనిషితో వచ్చింది. ఆయన లూయీ హెన్రీ మోర్గాన్. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో వకీలు. ఇరుగుపొరుగున ఉన్న ఇరొక్వాయ్ తెగవాళ్ళు చుట్టాలను పిలుచుకునే పద్ధతి చూసి ఆశ్చర్యపోయి, ప్రపంచంలో మిగతావాళ్ళు ఎట్లా పిలుచుకుంటారో తెలుసుకోవాలని మిషనరీలకూ కాన్సల్‌లకూ ప్రశ్నల పట్టికలు పంపాడు. అట్లా మన తెలుగు, తమిళ, కన్నడ వరసలు ఓడెక్కి అమెరికా చేరాయి. 1871లో ఆయన అచ్చువేసిన పెద్ద గ్రంథంలో మన అత్తా, మామా, బావా, మరదలూ కొలువు తీరారు. మనవాళ్ళ మాటలకి అంత మర్యాద దక్కినందుకు సంతోషించాల్సిందే.

కానీ 1877లో రాసిన "ప్రాచీన సమాజం"లో ఆయన ఈ వరసలతో ఓ నిచ్చెన కట్టాడు. ఆటవిక దశలో మూడు మెట్లు, అనాగరిక దశలో మూడు, ఆ పైన నాగరికత. మొత్తం ఏడు. కుటుంబం ముందుకు నడిచిపోతుందట, వరసలు మాత్రం వెనకే ఉండిపోతాయట. కాబట్టి నేల తవ్వితే దొరికే ఎముకను బట్టి చచ్చిపోయిన జంతువును ఊహించినట్టు, పిలుపును బట్టి పాతకాలపు పెళ్ళిని ఊహించవచ్చునట. ఎముక పోలికను ఎంగెల్స్ వాడాడు. దక్కనులోని ద్రావిడుల ప్రస్తావన కూడా ఆయన పుస్తకంలో ఉంది. అంటే మనమే!

ఈ ఊహ ఎక్కడికి పోతుందో చూడండి. మా బావ కూతురు నన్ను చిన్నమ్మ అంటుంది. నేను బావను చేసుకోలేదు, ఆయన ఎవరినో చేసుకున్నాడు, నేనెవరినో చేసుకున్నాను. అయినా తండ్రికి మరదలు కాబట్టి నేను చిన్నమ్మనే. మోర్గాన్ లెక్క ప్రకారమైతే, ఒకప్పుడు గుంపుకు గుంపే భార్యాభర్తలుగా ఉండేవాళ్ళు కాబట్టే ఈ పిలుపు మిగిలింది. అసలు సంగతి మా వాకిట్లో ముగ్గేసే పిల్ల కూడా చెబుతుంది. అది జరిగిపోయిన పెళ్ళికి గుర్తు కాదు, జరగడానికి వీలున్న పెళ్ళికి గుర్తు. మేనత్త కొడుకు బావ, బావకు తల్లి అత్త. అందుకే మేనత్తా అత్తే, మొగుడి తల్లీ అత్తే. ఈ సులువైన సంగతి మొదట రివర్స్ అనే ఆయనా, 1953లో లూయీ డ్యుమాఁ అనే ఫ్రెంచి పండితుడూ వివరించి చెప్పారు. మనకూ ఇరొక్వాయ్‌లకూ ఒకటే పద్ధతి అన్నమాట కూడా నిలవలేదు. దగ్గరి చుట్టాల వరకే ఆ పోలిక. దూరపు చుట్టాల దగ్గరికి వచ్చేసరికి రెండు దారులూ విడిపోతాయని 1964లో లౌన్స్‌బరీ చూపించాడు.

ఇంతకన్నా తమాషా సంగతి ఒకటుంది. మోర్గాన్ 1851లో పెళ్ళాడిన మేరీ స్టీల్ ఎవరనుకున్నారు? ఆయన మేనమామ కూతురు. ఆయనకు మరదలు ఉంది. మరదలు అనే మాటే లేదు. ఇంగ్లీషులో అందరూ కజిన్లే కదా! పైగా 1871లో ఆయన ఇంగ్లండు వెళ్ళి డార్విన్‌ను కలిశాడు. డార్విన్ 1839లో పెళ్ళాడిన ఎమ్మా వెడ్జ్‌వుడ్ కూడా అక్షరాలా మేనమామ కూతురే. ఇద్దరు మేనరికపు మొగుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారన్నమాట. నిచ్చెన చివరి మెట్టు మీద ఉన్నవాళ్ళు చేస్తే కజిన్ పెళ్ళి, మా అత్తమ్మ చేస్తే అడివి పద్ధతా?

డార్విన్‌ను ఈ నిచ్చెన గొడవలోకి లాగడం అన్యాయం. 1859లో వచ్చిన ఆయన "జాతుల పుట్టుక"లో ఉన్నది ఒకే ఒక్క బొమ్మ. అది నిచ్చెన కాదు, కొమ్మలు చీలుతూ పోయే చెట్టులాంటిది. అందులో ఏ కొమ్మా మరో కొమ్మకు మెట్టు కాదు. బలం ఉన్నవాడిదే బతుకని డార్విన్ అన్నాడని మన సినిమాల్లో విలన్లు అంటుంటారు. "యోగ్యతముల మనుగడ" అనే మాట పుట్టించింది హెర్బర్ట్ స్పెన్సర్, 1864లో. డార్విన్ దాన్ని 1869 కూర్పులో చేర్చుకున్నాడు. అక్కడ యోగ్యత అంటే ఆ చోటికీ ఆ కాలానికీ సరిపడడం అని తప్ప, గొప్పతనం అని కాదు. మన భాషే నయం. సత్పరిణామం అంటాం, దుష్పరిణామం అంటాం. ఉత్త పరిణామానికి మంచీ చెడూ లేదని మన మాటలకే తెలుసు. నా కథానాయికకు తెలియలేదు, అంతే.

అయితే మేనరికం మంచిదేనా అని మీరడగొచ్చు. అది వేరే ప్రశ్న. దానికి జవాబు నాగరికతలో లేదు, లెక్కలో ఉంది. ఆ లెక్క కోసం బెంగపడ్డవాళ్ళలో డార్విన్ కూడా ఒకడు. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నప్పుడే పోయారు. 1871 జనాభా లెక్కల్లో దగ్గరి పెళ్ళిళ్ళ గురించి ఒక ప్రశ్న చేర్చమని అడిగించాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు. 1875లో ఆయన కొడుకు జార్జి తనకు చేతనైన లెక్క తీశాడు. మన దగ్గర ఆ పని చేసినవాళ్ళలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చిన జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర శిష్యరికం చేసి, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి పెళ్ళిళ్ళు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అని 1963లో ఒక వ్యాసం ప్రకటించారు. ఎన్ని, ఏమిటి అని అడిగారు. మీరు ఏ మెట్టు మీద ఉన్నారని కాదు.

ఆ లెక్క మా జువాలజీ పిల్లే నాకు పెరట్లో విడమరిచి చెప్పింది. బావామరదళ్ళ మధ్య ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి. మేనమామకీ మేనకోడలికీ నాలుగో వంతు. తలసీమియా లాంటి జబ్బు గుణం ఒకరిలోనే ఉంటే బిడ్డకు జబ్బు రాదు. ఇద్దరిలోనూ ఉంటే నాలుగింట ఒక వంతు వస్తుంది. ఒకే తాత నుంచి దిగినవాళ్ళకు ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఎవరికైనా నూరు మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో లోపం ఉంటుంది. బావామరదళ్ళ పెళ్ళిలో దాని మీద ఇంకో ఇద్దరు ముగ్గురు పెరుగుతారని వైద్యుల అంచనా. మేనమామ అయితే చుట్టరికం దానికి రెట్టింపు దగ్గర. అందరి పిల్లలూ చెడిపోతారన్నది అబద్ధం, ఏమీ కాదన్నదీ అబద్ధం. 1955 హిందూ వివాహ చట్టం కూడా మేనమామ పెళ్ళిని నిషేధించి, ఆచారం ఉన్నచోట మాత్రం వదిలేసింది.

"అయితే బయట సంబంధమే చూడాలె" అంది బావ భార్య, కొంచెం నిష్ఠూరంగానే. బయట అంటే ఆవిడ ఉద్దేశం మన కులంలోనే, చుట్టరికం లేని ఇల్లు. మేనరికం మానేస్తే శాస్త్రం ప్రకారం నడిచినట్టేనని మనందరి నమ్మకం. ఇక్కడే నా పాత పుస్తకాలు నాకు చెప్పనిది ఒకటి ఈ మధ్య చదివాను. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, తంగరాజ్‌లు అమెరికా వాళ్ళతో కలిసి 2009 నుంచి చేసిన పరిశోధనలు అవి. సుమారు 4200 ఏళ్ళ కిందటి నుంచి 1900 ఏళ్ళ కిందటి దాకా ఈ దేశంలో జనం బాగా కలిసిపోయారనీ, ఆ తర్వాతే ఎవరి గిరి వాళ్ళు గీసుకున్నారనీ 2013లో తేల్చారు. 2017లో దక్షిణాసియాలో 263 సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో జనం కొద్దిమంది పూర్వీకుల నుంచే దిగి, లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్న గుర్తులు బలంగా కనిపించాయి. వాటిలో 14 పది లక్షలకు పైగా జనం ఉన్నవే. అంటే ముక్కూ మొహం తెలియని సంబంధం తెచ్చినా, కులం లోపలిదే అయితే పాత ముత్తాతలే మళ్ళీ ఎదురుపడొచ్చు. కులం సృష్టితో పాటు వచ్చిందని చెప్పేవాళ్ళకు జన్యువులు ఇచ్చిన జవాబు ఇది: ముందు కలిసి ఉన్నాం, తర్వాత గోడలు కట్టుకున్నాం.

ఆ గోడ కోసమే 2018లో ఇదే మిర్యాలగూడలో, కులం దాటి పెళ్ళి చేసుకున్న ఒక యువకుణ్ణి, కడుపుతో ఉన్న భార్య పక్కనుండగానే నరికి చంపారు. 2025లో నల్లగొండ కోర్టు దోషులకు శిక్షలు వేసింది. రక్తం, వంశం, స్వచ్ఛత అని మాట్లాడేవాళ్ళు జీవశాస్త్రం మాటలు వాడుతున్నామనుకుంటారు. జీవశాస్త్రం వాళ్ళ పక్కన లేదు. నేను మేనరికం మీద మూడు పేజీలు రాశాను. కులం మీద ఆ నవలలో మూడు వాక్యాలు కూడా లేవు. చివరికి నా కథానాయిక చేసుకున్న ఆదర్శ వరుడు కూడా కులంవాడే. ఏ విమర్శకుడూ పట్టుకోలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. అత్తమ్మ నన్ను తన కొడుక్కి అడిగింది. నాకు బావ మీద ఆ ఇష్టం లేదు. అంత చిన్నమాట చెప్పే ధైర్యం లేక, ఎంగెల్స్‌నూ మోర్గాన్‌నూ మానవజాతి పరిణామాన్నీ అడ్డం పెట్టుకున్నాను. పిరికితనానికి శాస్త్రం మంచి తలుపు చాటు.

అందుకని ఆ పిల్లను లెక్కలన్నీ అయ్యాక ఒక్క మాట అడిగాను. "నీకు మామ అంటే ఇష్టమేనా?"

"ఇష్టమే చిన్నమ్మా," అంది తలొంచుకుని, "మామలెక్క."

ఇంట్లో అంతమంది పెద్దవాళ్ళం. అప్పటిదాకా ఎవరమూ ఆ మాట అడగలేదు. సంబంధం ఆగిపోయింది. కొన్నాళ్ళు మాటలు ఉండవు, తర్వాత పండగకు అందరూ కలుస్తారు. "రేపు పిల్ల వేరే కులపోణ్ణి తీస్కొస్తే ఏమంటవో సూస్త" అని అత్తమ్మ నాకో పరీక్ష పెట్టింది. న్యాయమైన పరీక్షే.

నా మొదటి నవల మళ్ళీ అచ్చు వేస్తామని ప్రచురణకర్తలు అడుగుతున్నారు. ఆ మూడు పేజీలూ కొట్టేశాను. వాటి బదులు కథానాయిక తండ్రితో "నాకిష్టం లేదు నాన్నా" అంటుంది. మార్చిన సంగతి ఫోనులో అత్తమ్మకు చెప్పాను.

"గంతేనా?" అంది. "గంత మాట అప్పుడే నాతోని అంటే నేను కాదంటినా?"