పడక్కుర్చీకి పాదాలు మొలిచాయి

కోరాపుట్‌లో ఆషాఢమంటే ఆకాశం దిగొచ్చి ఇంటి చూరు కింద చేరగిలబడడమే. కిటికీ తెరిస్తే మబ్బు, మూస్తే రేకుల మీద వాన. పెరటి అవతల కాఫీ తోటలో సిల్వర్ ఓక్ మానులు నిలువునా తడిసి, వాటిని వాటేసుకున్న మిరియం తీగలు నల్లగా నిగనిగలాడుతుంటే, ఎర్రమట్టి దారి మనిషిని రమ్మనడం మానేసి తనపాటికి తాను వాగై పారుతుంటుంది. ఇక నడకేమిటి! సరిగ్గా ఆ వేళ గది మధ్యన, వీపు వెనక్కి వాల్చి, కాళ్ళు ముందుకు చాచి, నేను తొక్కుతుంటాను. దుమ్ము లేదు, ఎత్తుపల్లాలు లేవు, ఎదురుగాలి లేదు. పాదం కింద ఒక చక్రం, చక్రం లోపల ఒక మంద్రస్వరం. ఎక్కడికీ పోకుండా పోతూనే ఉండడంలో ఇంత మాధుర్యం ఉందని అరవై దాటాక గానీ తెలియలేదు సుమండీ! మీరూ కాస్త పక్కన కూర్చోండి. చినుకు జోరు తగ్గాక చెవి ఒగ్గితే ఆ స్వరం మీకూ వినిపిస్తుంది.

దీని పేరు రికంబెంట్ బైక్. మా వీధి పిల్లలు పడుకుని తొక్కే సైకిలంటారు. నా కంటికి మాత్రం ఇది మా తాతయ్య పడక్కుర్చీయే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్, రాయగడ రెండూ విశాఖపట్నం జిల్లాలోవే కదా. ఆ రోజుల్లో మైదానం నుంచి ఘాటీ ఎక్కి వచ్చిన తెలుగు ప్లీడర్లు, గుమాస్తాలు, మేష్టర్ల ఇళ్ళలో ఆ కుర్చీ ఒకటి ఉండి తీరేది. టేకు చట్రం, పేము అల్లిక, కాళ్ళు చాపుకోవడానికి ముందుకు సాగిన పొడుగు చేతులు. మధ్యాహ్నం భోజనమయ్యాక తాతయ్య అందులోకి దిగేవాడు. కూర్చునేవాడు అనకూడదు, దిగేవాడు, ఏట్లోకి దిగినట్టు. ఒళ్ళంతా నిద్రకి ఒప్పజెప్పినా ఆయన అరికాళ్ళు మాత్రం గాలిలో ఏదో తాళానికి మెల్లగా కదులుతూ ఉండేవి. యాభై ఏళ్ళ తరవాత ఆ కదలికకి ఆధారం దొరికింది. పడక్కుర్చీకి పాదాలు మొలిచాయి!

మామూలు ఎక్సర్‌సైజ్ సైకిలు మీద మనిషిని చూడండి. ముందుకి వంగి, మెడ నిక్కించి, మణికట్ల మీద బరువు మోపి, అరచేతి వెడల్పు సీటు మీద ఒళ్ళంతా నిలబెట్టుకుని ఉంటాడు. వీరరసమే, కాదనను. కానీ వెనకాల ఎవరో తరుముతున్న ఛాయ కూడా ఆ ముఖంలో కనిపిస్తుంది. రికంబెంట్‌లో రూపమే వేరు. నడుము నుంచి భుజాల దాకా వెన్నంతా పలకకి అప్పగించి, ఛాతీ విప్పారి, చేతులు సీటు పక్క పిడుల మీద కునుకు తీస్తుంటే, శ్రమంతా తుంటి నుంచి కిందికే. పైసగం విశ్రాంతి, కిందిసగం యాత్ర. ఈ భంగిమ మన శిల్పులకి తెలియనిదా? ఉండవల్లి గుహలో ఒకే రాతిలో పవళించిన అనంతపద్మనాభుణ్ణి తలుచుకోండి. ఢెంకనాల్ వైపు సారంగలో, బ్రాహ్మణి నది పక్క రాతిపరుపు మీద, కప్పు లేకుండా ఆకాశం కిందే శయనించిన అనంతశాయిని తలుచుకోండి. కళ్ళు అరమోడ్పు, ఒళ్ళు సడలింపు, అయినా లోకం నడుస్తూనే ఉంది. పడుకున్నవాడు పనిలేనివాడని ఎవరన్నారు!

అన్నవాళ్ళున్నారు లెండి. ఫ్రాన్సులో షార్ల్ మొషే అని ఒక మహానుభావుడు కొడుకు కోసం నాలుగు చక్రాల తొక్కుడు బండి చేసి, ఆ ఊపులోనే రెండు చక్రాల మీద వెనక్కి వాలి తొక్కే సైకిలు చేశాడు. దాని మీద ఫ్రాన్సిస్ ఫోర్ అనే రెండో శ్రేణి పందెగాడు 1933 జూలై 7న పారిస్‌లో గంటకి 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నుంచి ఎవరూ కదపలేని రికార్డుని దాటేశాడు. హాయిగా పడుకున్నవాడు, చెమటోడ్చి వంగినవాళ్ళని దాటిపోవడమా? అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం వారికి అది మింగుడుపడలేదు. 1934 ఏప్రిల్ 1 నుంచి సైకిలంటే ఏమిటో కొత్త నిర్వచనం రాసుకుని, అందులో దీనికి చోటు లేకుండా చేశారు. ఏప్రిల్ ఒకటో తారీకుకీ గీతలు గీయడానికీ ఏదో లంకె ఉన్నట్టుంది! పోనీయండి. పందెం లోంచి గెంటేస్తే అది నెమ్మదిగా ఇళ్ళలోకి వచ్చింది. పందేలు ఎరగని మోకాళ్ళు దాన్ని ఆదరించాయి.

ఎంచుకోవడం దగ్గరే రసజ్ఞత అంతా. మొదటిసారి నేను బొమ్మ చూసి మోసపోయాను. వచ్చినదాని సీటు జరిగే పట్టా నా కాళ్ళకి పొట్టి. ఎంత వెనక్కి జరిపినా మోకాళ్ళు గెడ్డానికి నమస్కారం పెట్టేవి. పైగా లోపల గొలుసు. తొక్కితే పిండిమర పక్కన కాపురం పెట్టినట్టుండేది. అమ్మినవారి పేరెందుకు, నా తొందరే నన్ను ముంచింది. రెండోసారి బుద్ధిగా విశాఖపట్నం దిగి, దుకాణాలు తిరిగి, ఒక్కొక్కదాని మీదా పావుగంట చొప్పున పడుకున్నాను. అమ్మే కుర్రాడు బరువు, ప్రోగ్రాములు, కేలరీలు అని అష్టోత్తరం అందుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ కుర్రాడు బెదిరి, "సార్, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. వీణ కొనేవాడు కళ్ళు మూసుకుంటే తప్పులేదు గానీ సైకిలు కొనేవాడు మూసుకుంటే డాక్టర్ని పిలవాలా!

కళ్ళు మూసుకుంటే ముందు పలికేది చెవి. బెల్టుతో నడిచే మంచి బండికి శబ్దం లేకపోలేదు, ఉంది. తంబురా వెనక ఉండిపోయే గుంజారవం లాంటిది. వేగం పెంచితే శ్రుతి ఒక పిసరు పెరుగుతుంది, తగ్గిస్తే ఒద్దికగా దిగుతుంది. తరవాత పలికేది అరికాలు. మీట తిప్పి బరువు పెంచినప్పుడు ఏమవుతుందో గమనించారా? పాతరకంలో బట్టపలక ఒకటి చక్రాన్ని పట్టుకుని రుద్దేది, దెబ్బలాటలా. అయస్కాంతం బండిలో అలా కాదు. చక్రం అంచుకి వెంట్రుకవాసి దూరంలో అయస్కాంతాలు వచ్చి నిలుస్తాయి. తాకవు. తిరిగే లోహంలో తమ ఉనికితోనే సుడులు పుట్టిస్తాయి, ఆ సుడులే చక్రాన్ని నెమ్మదింపజేస్తాయి. మరింత దగ్గరికి వస్తే మరింత భారం, దూరమైతే తేలిక, స్పర్శ మాత్రం ఏనాటికీ లేదు. ఇదేం రసమండీ? విప్రలంభం! తాకకుండా ఆపడం, ఆపుతూనే తిరగనివ్వడం. ఇంతటి మర్యాదగల శృంగారాన్ని ఇనుపబండిలో కూర్చోబెట్టిన వాడికి కవి అని బిరుదివ్వకపోవడం అన్యాయం. అరిగేది ఏమీ లేదు గనక అది ఏళ్ళ తరబడి అలాగే విరహిస్తుంది. మీటకి కరెంటుతో పని లేదు గనక, గాలివానకి మా ఊళ్ళో దీపాలు పోయినా దాని విరహం ఆగదు.

ఇక మోకాలు. పెడలు దూరపు కొసకి చేరినప్పుడు కాలు పూర్తిగా చాచుకుపోకూడదు, ఓ పాతిక ముప్పై డిగ్రీల వంపు మిగిలి ఉండాలి. ఆ మిగులులోనే సౌఖ్యం. పట్టా మీద సీటు ఒక్కో గాడి జరుపుతూ రండి. ఒకచోట మోకాలు ఇరుకంటుంది, ఇంకోచోట తుంటి సాగుతోందంటుంది. మధ్యలో ఎక్కడో ఒక గాడి దగ్గర టక్కున పడుతుంది, అంతే, ఒళ్ళు ఊరుకుంటుంది. అక్కడి నుంచి తొక్కండి. మొదటి నిమిషం మీరు చక్రాన్ని మోస్తారు. రెండో నిమిషం ఇద్దరూ సమానం. మూడో నిమిషంలో ఎక్కడో, మీరు చూడని క్షణాన, బరువైన చక్రం తన పరుగులో తాను పడి మీ పాదాల్ని తీసుకుపోవడం మొదలెడుతుంది. తొక్కుతున్నది ఎవరు, తిరుగుతున్నది ఎవరు? ఊయల బల్ల మీద చిన్నప్పుడు ఆఖరి ఊపు తరవాత కాళ్ళు ఎత్తేసి వదిలేసే ఆ అర లిప్త గుర్తుందా? ఆ అర లిప్తే ఇక్కడ అరగంట! తేలికరకం చక్రాలు ఈ అనుభవం ఇవ్వవు. ప్రతి చుట్టూ మొదటి చుట్టే వాటికి. ఎన్ని కిలోల చక్రమని అడక్కండి, కాలు ఆపి చూడండి. మీరు ఆపిన తరవాత కూడా లోపల కాసేపు సాగే ఆ నిట్టూర్పు పొడుగే దాని కులం చెబుతుంది.

అలా దొరికినదాన్ని సాలూరు లారీలో వేయించాను. సుంకి ఘాటీ మలుపులన్నీ తిరిగి, పొట్టంగి, సెమిలిగుడ దాటి, ఇంటి ముందు దిగేసరికి దాని అట్టపెట్టె మీద మంచు పట్టి ఉంది. వీపు పలకది నల్లటి రెక్సిన్. మార్గశిరంలో మా ఊరి తెల్లవారుఝామున దానికి వీపు ఆనిస్తే పాముని కౌగిలించుకున్నట్టే. అందుకని కోట్‌పాడ్ నేత శాలువా ఒకటి పరిచాను. తొగరు వేరు రంగులో ఊరి ఊరి ఎండిన ముతక నూలు, అంచున చేపలు, పీతలు. శేషతల్పానికి తగిన దుప్పటే కదా!

మా అప్పది రాయగడ. అక్కడ ఈ రెక్సిన్ సంగతులు నడవవు. కొండల నడుమ గిన్నెలా ఉండే ఊరు, వైశాఖంలో నాగావళి రాళ్ళు కూడా కాగుతాయి. స్పాంజి పలకకి ఆనుకుంటే పది నిమిషాల్లో వీపు మీద ఇంకో నాగావళి. అందుకని అప్పకి జాలీ అల్లిక వీపున్నది చూశాను. గాలి ఇటు నుంచి అటు పోతుంది, తాతయ్య పేము కుర్చీలోలాగే. అసలు నేను మనసు పారేసుకున్నది దాని నడుమున్న ఖాళీకి. అడ్డుకమ్మీ లేదు. కాలు ఎత్తి దాటక్కర్లేదు. గడప దాటినట్టు అడుగు లోపలికి వేసి, వెనక్కి తిరిగి కూర్చోవడమే. అరవై ఎనిమిదేళ్ళ చీరకట్టుకి ఇంతకన్నా గౌరవమైన ఆహ్వానం ఉంటుందా?

డాక్టరు సరేనన్నాక, ఒక శుక్రవారం పూట అప్ప మజ్జిగౌరమ్మకి మనసులో దణ్ణం పెట్టుకుని కూర్చుంది. "ఏట్రా ఇది, కుర్చీయా, సైకిలా?" అంది. "రెండూనే అప్పా." పెడలు పట్టీలో ఎడమ కాలి మట్టె ఇరుక్కుంది. వంగి, పట్టీ ఒక రంధ్రం వదులు చేశాను. పెడలు కిందివైపున బరువు గనక దానంతటదే మునివేళ్ళు పైకొచ్చేలా తిరిగి, ఆమె పాదానికి ఎదురొచ్చింది. కుచ్చిళ్ళు కాస్త ఎగదోపుకుని తొక్కడం మొదలెట్టింది. నేను తడబాటు చూద్దామనుకున్నాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. తడబాటేదీ! ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన పాదాలవి. వీధిలో సగంమంది జాకెట్లు ఆ పాదాల మీదుగానే నడిచి వెళ్ళాయి. అక్కడ మడమకీ మునివేళ్ళకీ మధ్య ఊగిన లయ ఇక్కడ గుండ్రంగా తిరగడం నేర్చుకుంది, అంతే తేడా. రెండు నిమిషాలకి మాట ఆగింది. నాలుగో నిమిషానికి కనుబొమల మధ్య ముడి విడింది. అలవాటుగా కుడిచెయ్యి ముందుకి చాపి, లేని గుడ్డని సూది కిందికి జరుపుతోంది. ఆహా, ఆ చెయ్యి! అంతసేపు ఆ యంత్రాన్ని మెచ్చుకున్న నాకు, అది పూర్తయింది అప్పుడేననిపించింది.

"బాగున్నాదిరా," అంది, ఎప్పటికో.

దీనికి తెర అని ఒకటుంటుంది, అంకెలు చూపించడానికి. ఎన్ని కేలరీలు, ఎన్ని కిలోమీటర్లు. పిడులు పట్టుకుంటే నాడి కూడా చెబుతుంది. నాడి సరే, పనికొస్తుంది. ఆ కేలరీలంటారా, ఇంటావిడా నేనూ ఒకే వేగంతో తొక్కితే ఒకే లెక్క చెబుతుంది, బరువులు అడక్కుండానే, అంత నమ్మకస్తురాలు. కచేరీలో కూర్చుని గడియారం చూసేవాళ్ళ కోసం అది. నేను దాని మీద తువ్వాలు కప్పేశాను. నా లెక్క వేరు: పొయ్యి మీద చోడి అంబలి ఉడికి, చల్లారి, మజ్జిగ కలుపుకునే వేళ అయ్యేదాకా ఒక ఆసనం. చెమట మెడ దగ్గర సన్నగా పుట్టి, వెన్ను మీదకి జారేలోపే కిటికీ గాలి దాన్ని అందుకుంటుంది. మాట్లాడగలిగినంత ఊపిరి మిగిలి ఉంటుంది. పాడగలిగినంత ఉండదు, ఇంట్లోవాళ్ళ అదృష్టం.

ఇప్పుడు మా ఇద్దరికీ అదే వేళ. ఆరున్నరకి అప్ప ఫోను చేస్తుంది. ఫోను పక్కన పెట్టుకుని అక్కడ తనూ, ఇక్కడ నేనూ. కబుర్లు మొదట గబగబా నడుస్తాయి, తరవాత తోవ సాగినకొద్దీ పలచబడతాయి. చివరికి రెండు చక్రాల చప్పుడే మిగులుతుంది, నాది ఒక పిసరు మంద్రం, తనది ఒక పిసరు హెచ్చు. మొన్న అలాగే ఉండగా మా రేకుల మీద టపటపమని పడ్డాయి.

"వానేనా అది?" అంది అప్ప.

"ఇప్పుడే మొదలైంది."

"మాకింకా రాలేదు," అంది, తొక్కుతూనే.