పేరు దగ్గరే పేచీ

నియంతల కింద నలిగిన భాషల్లో పుస్తకం పేరే మొదటి రాజకీయ ప్రకటన. స్పానిష్ సాహిత్యమే ఇందుకు సాక్ష్యం. ఆస్తూరియాస్ 1946లో తన నవలకు 'అధ్యక్షులవారు' అని పేరు పెట్టాడు. ఆ మర్యాదలోనే వెక్కిరింపు ఉంది. గలెయానో 1971లో లాటిన్ అమెరికాను 'తెరుచుకున్న రక్తనాళాలు' అన్నాడు. ఒక ఖండం దోపిడీ అంతా ఆ పేరులోనే నెత్తురోడుతుంది. అయితే మమ్మల్ని నిలేసిన పేర్లు హువాన్ గొయ్తిసోలోవి. అతను ముస్లిం కాదు. 1931లో బార్సిలోనాలో పుట్టాడు. 1938లో ఫ్రాంకో పక్షం బాంబుదాడిలో తల్లిని పోగొట్టుకున్నాడు.

అతని మూడు నవలల్లో మొదటిది 'గుర్తింపు చిహ్నాలు' (1966). మనిషిని పోల్చుకోడానికి కాగితం మీద రాసుకునే ఆనవాళ్లు. మన బడి సర్టిఫికెట్లలో పుట్టుమచ్చల గడి లాంటివి. ప్రవాసం నుంచి తిరిగొచ్చిన కథానాయకుడు పాత ఫోటోలూ కాగితాలూ తిరగేసి, ఆ ఆనవాళ్లతో తనకు పొసగదని తేల్చుకుంటాడు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' అన్నప్పుడు తెలుగులో మేమూ ఆ గడి దగ్గరే ఆగాం.

రెండోది 'కౌంట్ హులియాన్ తరఫున దావా' (1970). ఎవరీ హులియాన్? 711లో ముస్లిం సేనలకు స్పెయిన్ తలుపులు తెరిచాడని గాథల్లో తిట్లు తినే ద్రోహి. 1492లో గ్రనడా పడింది. బాప్తిస్మం ఇప్పించినా నమ్మకం చాలక 1609 నుంచి 1614 దాకా సుమారు 3 లక్షల మంది మొరిస్కోలను వెళ్లగొట్టారు. శతాబ్దాలుగా సాగిన ఆ యుద్ధాలకు పెట్టిన పేరు 'తిరిగి గెలవటం'. ఆ ఒక్క పేరుతో తరతరాలు అక్కడే బతికినవాళ్లు చొరబాటుదార్లయ్యారు. ఫ్రాంకో పక్షం 1936 యుద్ధాన్ని క్రూసేడ్ అంది. ఆ క్రూసేడ్‌లో మొరాకో సైనికులను వాడుకోడానికి మాత్రం సిగ్గుపడలేదు. అలాంటి దేశంలో ద్రోహి తరఫున దావా! అందుకే పుస్తకం మెక్సికోలో అచ్చయింది. టాంజియర్‌లో కథకుడు గ్రంథాలయానికి పోయి, జాతి గర్వించే గ్రంథాల పుటల మధ్య ఈగలను పెట్టి నలుపుతాడు.

ఇక్కడే మా పేచీ. అతని ఊహలో దండెత్తి వచ్చే 'మూర్'కి కత్తి ఉంది, కామం ఉంది. ఇల్లు లేదు, అమ్మీ లేదు, నమాజయ్యాక పనికి పోవటం లేదు. స్పెయిన్ పీడకలను తలకిందులు చేశాడు గాని, అందులోంచి మనిషిని బయటికి తేలేదు. పైగా ద్రోహి పేరు అతను కోరి తొడుక్కున్నాడు, ఎప్పుడైనా విప్పేయగలడు. గద్దార్ అనే పేరు మాకు ఎవరో తొడిగారు. క్రికెట్ మ్యాచ్ రోజు కూడా విప్పనివ్వరు.

మూడోది 'నేలలేని హువాన్' (1975). క్యూబా చెరకు తోటల్లో బానిసలను పెట్టుకున్న పూర్వీకులతో తెగతెంపులు చేసుకుంటూ మొదలవుతుంది. చివర్లో స్పానిష్ వాక్యం చెదిరిపోయి, అరబీ లిపిలో ముగుస్తుంది. తర్వాత అతను మరాకేష్‌లో స్థిరపడి 2017లో అక్కడే పోయాడు. నవలలో దొరకని మనిషి వీధిలో దొరికాడు కాబోలు.

ముద్రను తిరగేస్తే చాలదు. ముద్రవేసే చేతినీ చూపాలి, ముద్ర కింద కాలిన ఒంటినీ చూపాలి. మా పుస్తకాలకు పేర్లు మేమే పెట్టుకుంటాం. నేలలేనివాళ్లమని మాత్రం పెట్టుకోం. ఈ నేల మాది.