ఏ వాక్యం చెప్పింది?

పాఠం కింద ఇచ్చే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు పాఠంలోనే ఉంటుంది. ప్రశ్నలోని మాట ఏ వరుసలో ఉందో వేలు పెట్టి వెతుక్కుని, ఆ వరుసను ఉన్నదున్నట్టు దించేస్తే మార్కులు పడతాయి. పాఠం బొత్తిగా అర్థం కాకపోయినా ఈ పని చేయొచ్చు. పదో తరగతి తెలుగు పరీక్షలో ‘అవగాహన–ప్రతిస్పందన’ అని ఒక విభాగమే ఉంది. పిల్లలు అంతకుముందు చూడని గద్యం ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. ఉద్దేశం మంచిదే, కానీ అక్కడ కూడా వరుస వెతికి దించడమే ఎక్కువగా గట్టెక్కిస్తుంది. దీనికి విరుగుడుగా కొందరు ఉపాధ్యాయులు ఒక చిన్న అభ్యాసం చేయిస్తారు. బడిలో జరిగిన ఒక ముచ్చటను నాలుగైదు వాక్యాల్లో ఇచ్చి, అందులో చెప్పని సంగతి అడుగుతారు. ఆ పిల్లకు ఎందుకు ఆలస్యమైంది? ఎవరికి కోపం వచ్చింది? తర్వాత ఏం జరిగి ఉంటుంది? మదనపల్లె పక్కనున్న నిమ్మనపల్లె మండలంలోని ప్రతి బడిలో వారానికొకసారి ఇది జరగాలని నా కోరిక. అయితే జవాబు ఒప్పా తప్పా అని చూసి ఊరుకుంటే ఈ అభ్యాసం పిల్లలకు సోది చెప్పడం నేర్పుతుంది. ఆ జవాబు ఏ వాక్యం మీద నిలబడింది, ఆ వాక్యం ఎంత బరువు మోయగలదు అని అడిగినప్పుడే చదవడం నేర్పుతుంది.

ఒక ముచ్చట రాసుకుని చూద్దాం. ‘సోమవారం రెండో పీరియడ్ సగంలో గౌతమి తరగతి గుమ్మం దగ్గర నిలబడింది. సారు లోపలికి రమ్మని తల ఊపాడు. గౌతమి చివరి వరుసలో కూర్చుని లెక్కల నోటుబుక్కు తీసింది. ఆమె వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. పక్కనున్న శశి తన నోటుబుక్కును ఇద్దరి మధ్యకు జరిపింది.’ గౌతమికి ఎందుకు ఆలస్యమైంది? హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంట్ పిల్లాణ్ణి అడిగితే పెన్ను కారి ఉంటుందనో, రంగులతో బొమ్మ వేస్తూ ఉండిపోయిందనో అంటాడు. మదనపల్లె చుట్టుపక్కల పిల్లలకు అంత ఆలోచన అక్కర్లేదు. టమాటా కోతకు పోయి వచ్చింది అంటారు. టమాటా చెట్టు కొమ్మనూ ఆకునూ ముట్టుకుంటే జిగురు అంటుతుంది, అది ఆరి వేళ్ళ మీద నల్లటి పొరగా కడుతుంది, గోళ్ళ సందుల్లో దిగబడుతుంది. రాష్ట్రం దాటి లారీలు పోయే టమాటా మార్కెట్టు ఉన్న ఊరి పక్కన పెరిగిన పిల్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ జవాబు వినగానే మెచ్చుకుని తరువాతి ముచ్చటకు పోవాలనిపిస్తుంది. అసలు పాఠం మొదలయ్యేది అక్కడే.

వేళ్ళు నల్లబడటానికి సైకిల్ చైను ఊడినా చాలు. నిమ్మనపల్లెకు చుట్టూ ఉన్న పల్లెల నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చే పిల్లకు చైను ఊడటం వింత కాదు. ఆలస్యానికి అది ఇంకా దగ్గరి కారణం. ఉన్న ఐదు వాక్యాలతో ఈ రెండింటిలో ఏదో తేల్చలేం. ఇప్పుడు ఒక్క వాక్యం కలుపుదాం: ‘మధ్యాహ్నం కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే సబ్బు నురగ పసుపుపచ్చగా కారింది.’ గ్రీజు అయితే నురగ మురికిగా బూడిదరంగులో కారుతుంది. టమాటా జిగురుకే ఆ పసుపు. సైకిల్ చైను మాట పక్కకు తప్పుకుంది. తప్పించింది సారు కాదు, ఒక వాక్యం. దీన్ని పిల్లలు కళ్ళారా చూడాలి. అయినా పని పూర్తి కాలేదు. నల్లటి వేళ్ళు, ఆలస్యం అనే రెండు సంగతులూ ఒకే పిల్లవి కాబట్టి, పక్కపక్క వాక్యాల్లో ఉన్నాయి కాబట్టి, ఒకటి రెండోదానికి కారణమని మనం కుట్టేశాం. ఆ మరక ఆదివారం సొంత కయ్యలో అంటుకున్నది కావచ్చు, ఒకసారి కడిగితే పోయే రకం కాదది. సోమవారం ఆలస్యానికి బస్సు రాకపోవడం కారణం కావచ్చు. ‘గౌతమి టమాటాలు కోసింది’ అన్నది గట్టిగా చెప్పదగ్గ మాట. ‘అందుకే ఆలస్యమైంది’ అన్నది అవకాశం ఉన్న మాట. ‘వాళ్ళది పేద ఇల్లు, అమ్మానాన్నలు కూలికి పంపారు’ అన్నది ఆ ముచ్చటలో ఎక్కడా లేని మాట. ఈ మూడింటికీ మధ్య తేడా పట్టుకోగలిగిన పిల్ల రేపు వార్త చదివినా, ఆసుపత్రి చీటీ చదివినా, వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసినా అదే తేడా అడుగుతుంది.

మనకు ఇది కొత్త విద్య కాదు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’ ఇప్పటికీ తర్కం నేర్చుకునేవాళ్ళ మొదటి పుస్తకం. కొండ మీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం అందరికీ తెలిసిన ఉదాహరణే. దాన్ని తిరగేసినప్పుడు ఏమవుతుందో తర్కశాస్త్రం తెలిసిన నైయాయికులు పట్టించుకున్నంతగా మనం పట్టించుకోం. పొగ ఉన్నచోట నిప్పుంటుంది గానీ, నిప్పున్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుతో పాటు పచ్చి కట్టె కూడా కలిస్తేనే పొగ. టమాటాలు కోస్తే వేళ్ళు నల్లబడతాయి, వేళ్ళు నల్లబడినచోటల్లా టమాటాలు లేవు. అంతకంటే మన బడికి పనికొచ్చే విభజన ఇంకొకటి ఆ శాస్త్రంలో ఉంది. తనకు తాను తెలుసుకోవడం స్వార్థానుమానం. ఎదుటివాడు ఒప్పుకునేలా మెట్టుమెట్టుగా చెప్పడం పరార్థానుమానం. దానికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఐదు అంగాలు. మన తరగతి గదుల్లో అడిగేది మొదటిదే. పిల్ల తలలో ఏదో మెరుస్తుంది, నోటితో చెబుతుంది, సారు అవునంటాడు. రెండోది అడిగితేనే మిగతా నలభై మందికీ ఆ మెరుపు ఎలా వచ్చిందో తెలుస్తుంది. తెలియనివాళ్ళకు కావాల్సింది జవాబు కాదు, ఆ దారి.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. ఊహించి చదవడం విడిగా నేర్పగల నైపుణ్యమే కాదని, అది పూర్తిగా లోకజ్ఞానం మీద ఆధారపడుతుందని కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తల వాదన. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు బడిపిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన గద్యం ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో దిట్టలైనా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు. అంతకుముందే, 1972లో, ఎంఐటీలో యూజీన్ చార్నియాక్ పిల్లల కథలను కంప్యూటరుతో అర్థం చేయించాలంటే ఏం కావాలో తన సిద్ధాంత గ్రంథంలో పరిశీలించాడు. స్నేహితుడి పుట్టినరోజుకు కానుక కొనాలనుకున్న పిల్ల తన హుండీ ఊపి చూస్తుంది, చప్పుడు రాదు. డబ్బుల్లేవని కథ ఎక్కడా చెప్పదు. మనకు క్షణంలో తెలుస్తుంది. ఆ క్షణం వెనక పుట్టినరోజుల గురించి, కానుకల గురించి, నాణేల చప్పుడు గురించి మనకు తెలిసినదంతా ఉంది. నిజమే. తెలియనిదాన్ని ఊహించమంటే ఎవరూ ఊహించలేరు. కానీ ఈ అభ్యంతరమే బడి ముచ్చట్లను ఎందుకు ఎంచుకోవాలో చెబుతోంది. కూలి ఇంటి పిల్లకూ, టీచరు గారి అబ్బాయికీ, తమిళమో కన్నడమో ఇంట్లో మాట్లాడే కుప్పం పిల్లాడికీ సమానంగా తెలిసిన లోకం ఏదైనా ఉందంటే అది బడే. అక్కడ తెలియనితనం అడ్డురాదు గనుక, ఊహ ఎలా కట్టాలన్నది ఒక్కటే మిగులుతుంది. ఇంగ్లండులో నికోలా యూయిల్, జేన్ ఓక్‌హిల్ అనే పరిశోధకులు అదే 1988లో, ధారాళంగా చదివినా అర్థం పట్టలేని ఏడెనిమిదేళ్ళ పిల్లలకు మాటల్లోని ఆచూకీలు గమనించడం కొద్ది పాఠాల్లో నేర్పి చూశారు. ఫలితం కనబడింది. ఇలాంటి శిక్షణ లాభం తొందరగానే వస్తుందనీ, నెలల తరబడి సాగదీసినంత మాత్రాన పెరగదనీ మనస్తత్వ శాస్త్రవేత్త డానియల్ విల్లింగ్‌హామ్ చెప్పే మాటను నేను ఒప్పుకుంటాను. అందుకే వారానికి పావుగంట చాలంటున్నాను. మిగతా సమయం కథలకూ, సైన్సుకూ, చరిత్రకూ పోవాలి.

అయితే ఏ బడి? బయటి నుంచి తెచ్చుకున్న అభ్యాస పుస్తకాల్లో కనబడే బడిలో క్యాంటీను ఉంటుంది, పసుపు రంగు బస్సు ఉంటుంది, వాన పడితే రెయిన్‌కోటు ఉంటుంది. మన పిల్లకు ఆ బడి బేస్‌బాల్ ఆటే. ముచ్చట్లు ఇక్కడే పుట్టాలి. దీనికి ఆధారం పక్కనే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఏకోపాధ్యాయ బడుల కోసం ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అనే కార్డుల పద్ధతిని తయారుచేసింది. వేరువేరు వయసుల పిల్లలు ఒకే గదిలో, ఎవరి మెట్టు మీద వాళ్ళు, చుట్టూ ఉన్న పల్లె జీవితంలోంచి తీసిన విషయాలతో చదువుకుంటారు. చెన్నై కార్పొరేషన్ బడులు ఆ దారి చూసే తమ కృత్యాధార బోధనను మలుచుకున్నాయి. ఈ నేల మీద రాసిన కార్డు ఇంకొక రాష్ట్రానికి దారి చూపగలిగినప్పుడు, ఈ నేల మీద రాసిన ఐదు వాక్యాల ముచ్చట మన పిల్లలను ఇరుకులో పెడుతుందన్న భయం నాకు లేదు. తెలిసిన చోట ఊహకు ఆధారం అడగడం అలవాటైన పిల్లే తెలియని చోట ‘ఇది నాకు తెలియదు, తెలుసుకోవాలి’ అనగలుగుతుంది.

ఇంకొక ముచ్చట. ‘భోజనాల గంట కొట్టారు. పళ్ళెంలోని కోడిగుడ్డును నవీన్ కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. అన్నం మాత్రం తిని లేచాడు.’ పెద్దవాళ్ళు దీన్ని చదివితే కళ్ళు చెమరుస్తాయి. ఇంట్లో ఉన్న చెల్లెలి కోసం దాచాడంటారు. అలా కావచ్చు కూడా. కానీ ‘నవంబరు నెల’ అని ముందు ఒక మాట చేర్చి చూడండి. నిమ్మనపల్లె పిల్లల్లో కొందరు వెంటనే కార్తీక మాసం అంటారు, ఇంకొకరు వాళ్ళ నాన్న అయ్యప్ప మాల వేసుకుని ఉంటాడంటారు. మాల వేసుకున్న ఇంట్లో గుడ్డు ముట్టరు. నవంబరు అన్న మాట అదొక్కటే దాన్ని రుజువు చేయదు, చెల్లెలి సంగతిని కొట్టేయదు. అప్పటిదాకా మనకు తట్టని తలుపు తెరుస్తుంది, అంతే. తినకూడదనుకున్నవాడు సంచిలో ఎందుకు పెట్టుకున్నాడని ఎదురు అడిగే పిల్ల కూడా ఉంటుంది. అడగాలి. జాలి కూడా తొందరపాటు ఊహే కావచ్చునన్నది ఈ ముచ్చటలో నాకు ముఖ్యమైన సంగతి. కోపంతో చేసిన ఊహను తప్పుపట్టడం మనకు తెలుసు, జాలితో చేసినదాన్ని ఎవరూ పరీక్షించరు. పేద పిల్లల మీద రాసే వార్తల్లో, ఉపన్యాసాల్లో ఇది నిత్యం జరుగుతుంది. ఆ పిల్లలనే ఆ వాక్యాల ముందు కూర్చోబెట్టి, ఏ మాట అలా చెప్పిందని అడగనిస్తే వాళ్ళ గురించి మనం చెప్పే మాటల్లో కొన్ని నిలబడవు.

ఈ అభ్యాసం ఉపాధ్యాయుడికీ అంతే అవసరం. వెనక వరుసలో నిద్రపోయే పిల్లాడు సోమరి, రెండు రోజులు రాని పిల్లకు చదువు మీద ధ్యాస లేదు, తలొంచుకున్నవాడు తప్పు చేశాడు. రోజుకు పది ఇలాంటి నిర్ణయాలు తరగతి గదిలో జరిగిపోతాయి. కొన్ని రిజిస్టరుకు ఎక్కుతాయి, కొన్ని తల్లిదండ్రుల సమావేశంలో బయటికొస్తాయి. గౌతమి ముచ్చటలో సారు అడగకుండా తల ఊపి లోపలికి రమ్మన్నాడు. ఆ తల ఊపులో ఏముందో పిల్లలను అడగండి: సంగతి ముందే తెలుసా, విసుగా, దయా? వాళ్ళ జవాబుల్లో సారుకు తన ముఖం కనబడుతుంది.

కూడబలుక్కుని చదివే పిల్లకు ఊహలు ఎందుకు, ముందు అక్షరాలు రానివ్వండి అనేవాళ్ళున్నారు. పల్లెల్లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలు 2005 నుంచి చూపిస్తున్న లోటు ముఖ్యంగా ధారాళంగా చదవలేకపోవడమే, ఆ ఆందోళన న్యాయమైనది. కానీ ముచ్చటను సారు పైకి చదివి వినిపిస్తే చాలు. వినడానికి గుణింతాలు అక్కర్లేదు. ఇంగ్లిషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో ఉన్న పుస్తకాలు మన బడుల్లో ఉన్నాయి గనుక, చర్చ తెలుగు పేజీ మీద జరిపి తర్వాత ఇంగ్లిషు పేజీకి పోవచ్చు. ఇక మార్కుల సంగతి. ఒకే జవాబు రాసిన కీ చేతిలో ఉంటే ఈ అభ్యాసం మొదటి వారమే చచ్చిపోతుంది, పిల్లలు కీని ఊహించడం మొదలుపెడతారు. అలాగని ఏం చెప్పినా ఒప్పే అనడం లేదు. గౌతమి సారును చూసి భయపడి తిరిగి వెళ్ళిపోయింది అని రాస్తే అది తప్పు. మూడో వాక్యం ఆమెను కూర్చోబెట్టింది. జవాబుకు ఒక మార్కు, ఆధారమైన వాక్యం చూపినందుకు ఒకటి, ఇంకెలా అయ్యుండొచ్చో చెప్పినందుకు ఒకటి ఇస్తే, దిద్దేవాళ్ళకు పెద్ద భారమేమీ కాదు.

ముచ్చట్లు రాసేది ఎవరన్నది చివరి చిక్కు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఉపాధ్యాయులు తలా ఒకటి తెచ్చుకోగలరు. రాయడంలో కష్టం ఏం చెప్పాలన్నది కాదు, ఏ వాక్యం తీసేయాలన్నది. ‘గౌతమి టమాటా కోతకు వెళ్ళింది’ అని రాసేయాలని చేయి లాగుతుంది. ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూ ఈ జిల్లాల జీవితాన్ని కథలుగా రాసిన మధురాంతకం రాజారాంను చదివితే, ఏది చెప్పకుండా వదలాలో కొంత పట్టుబడుతుంది. నాలుగైదు నెలలయ్యాక నిమ్మనపల్లె ముచ్చట్లు కుప్పానికీ, కుప్పం ముచ్చట్లు ఇక్కడికీ పంపుకోవచ్చు. తెల్లవారక ముందే ఇంట్లో క్యారియర్ కట్టారని రాస్తే, బెంగళూరు రైలు పట్టుకునే నాన్న కుప్పం పిల్లలకు వెంటనే కనబడతాడు. రైలు పట్టాలు లేని నిమ్మనపల్లె పిల్లలకు ఆ వాక్యం మీద చాలాసేపు పని ఉంటుంది. పసుపు నురగ గురించి కుప్పంలో ఏమంటారో వాళ్ళు ఉత్తరం రాసి అడగాలి.