కాకి స్నానమా, నానబెట్టడమా?

రుషికొండలో డైవ్ ముగించి ఒడ్డుకు చేరాక, అందరిలాగే నేనూ నా సామాను తీసుకెళ్లి నీళ్ల తొట్టిలో ముంచాను. "ఒక్కసారి ముంచి ఇటిచ్చెయ్ అన్నా, నేను ఆరేస్తా" అన్నాడు అక్కడ పనిచేసే కుర్రాడు. ముంచాను, ఇచ్చేశాను. అరగంట పోయాక చూస్తే నల్లటి ఫిన్ మీద చుక్కలు ఆరిన చోటల్లా తెల్లటి వలయాలు. వేలితో రుద్దితే గరగరలాడాయి. మంచినీళ్లలో కడిగాననుకున్న ఫిన్ మీద ఉప్పు తేలింది. పొద్దుటి నుంచి అంతమంది సామాను మునిగిన ఆ తొట్టిలో మిగిలినవి అప్పటికే ఉప్పునీళ్లు.

అప్పటి నుంచి రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. డైవ్ కేంద్రాల్లో, పడవల మీద ఉండే ఉమ్మడి తొట్టి ఒకటి. ఇంటికొచ్చాక సొంత బకెట్‌లో, సొంత నీళ్లలో నానబెట్టి కడుక్కోవడం రెండోది. చాలామంది డైవర్లు మొదటిదాంతోనే పని అయిపోయిందనుకుంటారు, రెండోదాన్ని చాదస్తం కింద కొట్టిపారేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. అలాగని తొట్టిని తీసిపారేయనూ లేను.

ముందు తొట్టికి రావలసిన మంచిపేరు దానికి ఇద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. తడిగా ఉన్నంతసేపు అది నీళ్లతోనే కొట్టుకుపోతుంది. ఆరితే గట్టి పలుకులుగా మారి జిప్పు పళ్ల మధ్య, బటన్ల సందుల్లో, ఓ-రింగుల కింద కూర్చుంటుంది. ఆ తర్వాత దాన్ని కరిగించడానికి ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. నీళ్లలోంచి బయటికొచ్చిన పది నిమిషాల్లోనే దొరికే తొట్టి ఆ విధంగా విలువైనది. విశాఖలో డైవ్ చేసి రాత్రి రైల్లో హైదరాబాద్ చేరే నాలాంటివాడికి ఇంటి బకెట్ ఒక రాత్రి దూరంలో ఉంటుంది. అంతవరకూ ఉప్పు గట్టిపడకుండా ఆపేది ఆ తొట్టే.

అయితే అక్కడ మనం చేసేది కాకి స్నానం. పది సెకన్లు ముంచి తీస్తే పైపై ఉప్పు పోతుంది, లోపలిది కదలదు. పైగా ఆ నీళ్లు ఎవరివో తెలియవు. మాస్క్ అద్దం మసకబారకుండా ఉమ్ము రాసుకోవడం డైవర్లందరికీ అలవాటే. ఆ మాస్కులు మునిగిన తొట్టిలోనే, మనం నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ కూడా మునుగుతుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు డైవర్ల భద్రత చూసే 'డాన్' సంస్థ ఈ ఉమ్మడి తొట్లు వద్దని గట్టిగా చెప్పింది. కొన్నాళ్లు అందరూ పాటించారు, తర్వాత మళ్లీ పాత తొట్టి దగ్గరికే చేరారు. అండమాన్ లాంటి దీవుల్లో మంచినీటికే కటకట కాబట్టి రోజుకు నాలుగుసార్లు నీళ్లు మార్చమని అడగడం న్యాయం కాదు. కనీసం మాస్కులకూ రెగ్యులేటర్లకూ వేర్వేరు బకెట్లు పెట్టడానికి మాత్రం నీటి కరువు అడ్డం రాదు.

ఇక ఇంటి సంగతి. ఇక్కడ మనకు దొరికేది సమయం. గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానితే, తొట్టిలో పదిసార్లు ముంచినా పోని ఉప్పు దానంతటదే వదులుతుంది. తేడా బాగా తెలిసేది బీసీడీలో. నీళ్లలో మనల్ని తేల్చే ఈ గాలి జాకెట్టును బయటి నుంచి ఎంత కడిగినా సగం పనే. డైవ్‌లో గాలి వదిలిన ప్రతిసారీ కాస్త సముద్రపు నీరు లోపలి సంచిలోకి చేరుతుంది. మొదటిసారి ఇంట్లో ఇన్‌ఫ్లేటర్ గొట్టం బటన్ నొక్కిపట్టి రెండు లీటర్ల నీళ్లు పోశాను. నోటితో గాలి నింపి, బిందె తొలిచినట్టు నాలుగు వైపులా తిప్పి, తలకిందులు చేసి వంచాను. మడ్డి రంగు నీళ్లు వచ్చాయి, ముక్కిన వాసనతో. అంతకు ముందు మూడు డైవ్‌ల తర్వాత కేంద్రంలో 'కడిగిన' జాకెట్టే అది. మూడోసారి పోశాకగానీ నీళ్లు తేటగా రాలేదు. చీకటిగా, తడిగా ఉండే ఆ సంచిలో బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. డైవర్ ఆ గొట్టాన్నే నోట్లో పెట్టుకుని ఊదుతాడు కాబట్టి ఇది ఊపిరితిత్తుల వ్యవహారం. కడిగాక సగం గాలి నింపి వేలాడదీస్తే లోపలి గోడలు అతుక్కోకుండా ఆరుతాయి.

వెట్‌సూట్ విషయంలోనూ ఇంటిదే పైచేయి. కేంద్రంలో సూట్లన్నీ ఎండలో దండెం మీద మడతేసి కనిపిస్తాయి. నియోప్రీన్‌కు ఎండా, వేడీ శత్రువులు. అది రబ్బరులో చిన్న చిన్న గాలి బుడగలు నింపి చేసిన నురుగు. ఆ బుడగలే ఒంటికి వెచ్చదనం ఇస్తాయి. దండెం మీద మడత పడ్డ చోట అవి నలిగి, అక్కడే చలి పుడుతుంది. ఇంట్లో అయితే తిరగేసి, కాస్త పిల్లల షాంపూ వేసి నానబెట్టి, వెడల్పు భుజాల హ్యాంగర్‌కు తగిలించి నీడలో ఆరేసుకోవచ్చు. హైదరాబాద్ వాళ్లకు ఒక మాట: బోరు నీళ్లతో కడిగితే ఉప్పు పోయినా సున్నం మిగులుతుంది. ఆఖరి నీళ్లు మంజీరా నల్లావి అయితే మేలు.

ఇంతవరకూ గెలిచిన ఇల్లు రెగ్యులేటర్ దగ్గర ఓడిపోతుంది. ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. 1943లో ఫ్రాన్స్‌లో కుస్తో, గన్యాన్ కలిసి చేసిన ఆక్వాలంగ్ నుంచి ఇప్పటిదాకా రెగ్యులేటర్ పని ఒకటే: సిలిండర్‌లోని గాలి ఒత్తిడిని తగ్గించి, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపోయేలా నోటికి అందించడం. ఇప్పటివాటిలో 200 బార్ల గాలిని, సిలిండర్‌కు బిగించే ఫస్ట్ స్టేజ్ సుమారు పది బార్లకు దించుతుంది. అంత సున్నితమైన పని చేసే భాగంలోకి నీళ్లు పోకూడదు. ఇంట్లో సిలిండర్ ఉండదు. గాలి ఒత్తిడి లేని రెగ్యులేటర్‌ను బకెట్‌లో వేసి, మౌత్‌పీస్ వెనకాల ఉన్న పర్జ్ బటన్ పొరపాటున నొక్కామంటే కవాటం తెరుచుకుంటుంది. నీళ్లు హోస్ గుండా నేరుగా ఫస్ట్ స్టేజ్‌లోకి పోతాయి. ఫస్ట్ స్టేజ్ నోటిని మూసే డస్ట్ క్యాప్ తడిగా బిగించినా అంతే. సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానిక్ నా రెగ్యులేటర్ విప్పి, గాలి లోపలికి వచ్చే చోట ఉండే చిన్న ఫిల్టర్‌ను అరచేతిలో పెట్టి చూపించాడు. ఇత్తడి రంగులో మెరవాల్సింది, అంచుల్లో పచ్చగా చిలుము పట్టి ఉంది. ఇంట్లో ఎంతో శ్రద్ధగా నానబెట్టినందుకు వచ్చిన ఫలితం అది.

అదే రెగ్యులేటర్‌ను కేంద్రంలో, సిలిండర్‌కు తగిలించి ఉండగానే, గాలి తెరిచి ఉంచి కడిగితే ఈ ప్రమాదం లేదు. లోపల ఒత్తిడి ఉన్నంతవరకూ పర్జ్ నొక్కితే గాలి బయటికి వస్తుందే తప్ప నీళ్లు లోపలికి పోవు. నిమిషాల తరబడి నిశ్చింతగా నానబెట్టవచ్చు. తర్వాత గాలి కట్టేసి, హోస్‌లో మిగిలింది వదిలేసి, విప్పి, డస్ట్ క్యాప్‌ను పొడిగుడ్డతో తుడిచి బిగిస్తే సరి. చాలామంది సిలిండర్ గాలిని క్యాప్ మీదికి కొట్టి ఆరబెడతారు. ఆ ఊపుకు చెదిరిన తుంపరలు పక్కనే ఉన్న ఫిల్టర్‌లోకి పోతాయి, గుడ్డే మంచిది.

ఫిన్స్, మాస్క్, బూట్లు ఎక్కడ కడిగినా పెద్ద తేడా లేదు. చెమ్మ లేకుండా ఆరితే చాలు. డైవ్ కంప్యూటర్‌ను మాత్రం ఎండలో, కారు అద్దం వెనకాల వదలకండి.

కాబట్టి నా తీర్పు ఇది: బీసీడీ, వెట్‌సూట్ ఇంటికి చెందినవి, రెగ్యులేటర్ కేంద్రానికి చెందినది. కానీ ఇప్పుడు జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. సిలిండర్ల లెక్క తేలాలని ఒడ్డు చేరీ చేరగానే రెగ్యులేటర్ విప్పేస్తారు, కాకి స్నానం చేయించిన జాకెట్టును అలాగే సంచిలో కుక్కుతారు. ఈసారి డైవ్‌కు వెళ్లినప్పుడు, రెగ్యులేటర్ విప్పబోతున్న కుర్రాణ్ని ఒక్కమాట అడగండి: "తమ్ముడూ, ఐదు నిమిషాలు ఆగు, గాలి ఉండగానే కడుక్కుంటా."