జాన్ బుల్ పద్దు పుస్తకం: స్కాట్లండ్ నిధులపై ఇంగ్లండ్ అభ్యంతరం – ఒక విమర్శనాత్మక పరిశీలన

దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రోను, కైఫీయత్తులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీని మనం ‘ఆంగ్లేయ అధికారులు’ అనే రాస్తూ వస్తున్నాం. మన్రో గ్లాస్గోలో, మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టారు. ఇద్దరూ స్కాట్లే. ఈ పొరపాటుకు మన పరిశోధకులను మాత్రమే తప్పుపట్టలేం. ఇంగ్లండ్ అన్నా బ్రిటన్ అన్నా ఒకటే అనుకునే అలవాటు ఇంగ్లండ్‌లోనే చిరకాలం సాగింది. ఆ రెంటి మధ్య గీత గీయవలసిన అవసరం అక్కడి సామాన్యుడికి ఎక్కువగా డబ్బు ప్రస్తావన వచ్చినప్పుడే కలిగింది. స్కాట్లండ్ తన న్యాయమైన వాటాకు మించి ప్రభుత్వ ధనాన్ని అనుభవిస్తోందన్నది ఆ అభ్యంతరం. దీనిని ఒక పాఠంగా తీసుకుని చదివితే, పైకి లెక్కల భాష మాట్లాడుతున్నా లోపల ఒక కుటుంబకథ తర్కమే దానిని నడిపిస్తున్నదని తెలుస్తుంది.

ఆ కథకు తొలి రూపాలలో ఒకటి 1712 నాటిది. జాన్ ఆర్బత్‌నాట్ వ్యంగ్యరచనలో ఇంగ్లండ్‌కు ప్రతీక జాన్ బుల్. స్కాట్లండ్ అతని సోదరి పెగ్. అతడు కడుపునిండా తిని పెరిగాడు. ఆమెకు చిన్ననాడే తిండి కరువు, ఉత్తరపు గాలి కొట్టే అటక మీద నివాసం. ఇంగ్లండ్‌కు జాన్ బుల్ అనే రూపమిచ్చిన ఆర్బత్‌నాట్ స్వయంగా స్కాట్ కావడం గమనార్హం. అప్పటికి రెండు పార్లమెంట్లు ఏకమై ఐదేళ్లే అయింది. అర్ధశతాబ్దం తరువాత, 1762లో, జాన్ విల్క్స్ ‘నార్త్ బ్రిటన్’ పత్రికలో ప్రధానమంత్రి బ్యూట్ ప్రభువుపై దాడి చేసేనాటికి అటక మీది పిల్ల కిందికి దిగి కొలువులన్నీ ఆక్రమిస్తున్నదన్న ఫిర్యాదు మొదలైంది. 1821లో చార్లెస్ లాంబ్ స్కాట్ల మీద రాసిన వ్యాసంలో డబ్బు ఊసు లేదు. వారి మాటలో సందేహానికి చోటు లేకపోవడమే ఆయనకు మింగుడుపడలేదు. ఇలా నేరారోపణ తరానికొకటిగా మారింది. ఇల్లు అన్నది, సోదరి ఆ ఇంట ఉంటున్న మనిషి అన్న ఊహ మాత్రం మారలేదు.

నేటి వాదనకు కేంద్రం బార్నెట్ సూత్రం. 1970ల చివర ట్రెజరీ చీఫ్ సెక్రటరీగా ఉన్న జోయెల్ బార్నెట్ పేరు మీదుగా ఇది ప్రసిద్ధమైంది. దీనికి ముందు 1888 నాటి గోషెన్ నిష్పత్తి ఉంది: ఇంగ్లండ్, వేల్స్‌లకు కలిపి 80, స్కాట్లండ్‌కు 11, ఐర్లండ్‌కు 9. బార్నెట్ సూత్రం మొత్తం వ్యయాన్ని పంచదు. ఇంగ్లండ్‌లో వ్యయం ఎంత మారితే, జనాభా నిష్పత్తిని బట్టి స్కాట్లండ్‌కు అంత మార్పును చేరుస్తుంది. ఇంగ్లండ్‌లో తలసరి వ్యయం 100, స్కాట్లండ్‌లో 120 అనుకుందాం. ఇక్కడ 10 పెరిగితే అక్కడా 10 పెరుగుతుంది. 110, 130 అవుతాయి. ఇంగ్లండ్‌కు 10 శాతం వృద్ధి, స్కాట్లండ్‌కు సుమారు 8.3 శాతం. అంటే దాని దారిన దానిని వదిలేస్తే ఈ సూత్రం స్కాట్లండ్ ఆధిక్యాన్ని క్రమంగా కరిగించాలి. స్కాట్లండ్ జనాభా మందకొడిగా పెరగడం వల్ల, సూత్రానికి వెలుపల జరిగిన కేటాయింపుల వల్ల ఆ కరుగుదల మందగించింది. ఇక స్కాట్లండ్ విషయంలో అవసరాల కొలత ఈ సూత్రంలో లేదు. 2009లో ప్రభువుల సభ ఉపసంఘం దీనిని తప్పుపట్టింది అందుకే. బార్నెట్ కూడా తన పేరిటి సూత్రం అన్యాయమైనదని చివరి సంవత్సరాలలో చెబుతూ వచ్చారు.

అయితే ఇంగ్లండ్‌లో అసంతృప్తి పెరిగింది ఈ గణితం వల్ల కాదు. బ్రిటిష్ సాంఘిక దృక్పథాల సర్వేలో స్కాట్లండ్‌కు వాటాకు మించి ముడుతోందన్నవారు 2000లో సుమారు ఐదో వంతు. ఆ దశాబ్దం ముగిసేసరికి ఐదింట రెండు వంతులు. మధ్యలో సూత్రం మారలేదు. మారింది కంటికి కనిపించేది. స్కాట్లండ్‌లో 2002 నుంచి వృద్ధులకు ఉచిత వ్యక్తిగత సంరక్షణ లభించింది. 2007లో జాతీయవాద పక్షం అధికారంలోకి వచ్చింది. మరుసటి ఏడాది పట్టభద్రుల రుసుము రద్దయింది. ఇంగ్లండ్‌లో విద్యార్థుల ఫీజులు పెంచే బిల్లు 2004 జనవరిలో ఐదు ఓట్ల ఆధిక్యంతో గట్టెక్కగా, ఆ ఆధిక్యం స్కాట్లండ్ లేబర్ సభ్యుల ఓట్ల చలవే. ఆ ఫీజు వారి నియోజకవర్గాల పిల్లలకు వర్తించదు. 2012 తరువాత స్కాట్లండ్ విశ్వవిద్యాలయాలలో ఫ్రాన్స్ విద్యార్థికి ఉచితంగా దొరికిన చదువుకు న్యూకాజిల్ విద్యార్థి 9,000 పౌండ్ల దాకా కట్టవలసి వచ్చింది. ఈ ఫిర్యాదును దురభిమానమని కొట్టిపారేయడం నిజాయితీ అనిపించుకోదు. కాని ఇది ప్రాతినిధ్యానికి సంబంధించిన ఫిర్యాదు. 1977లో టామ్ డాలియెల్ లేవనెత్తిన వెస్ట్ లోథియన్ ప్రశ్న అదే. దానిని నిధుల పద్దులో రాసుకోవడంతోనే తికమక మొదలవుతుంది.

ఎయిల్సా హెండర్సన్, రిచర్డ్ విన్ జోన్స్ 2021లో వెలువరించిన ‘ఇంగ్లిష్‌నెస్’ ఈ రంగంలో ముఖ్యమైన గ్రంథం. ఆంగ్ల అస్తిత్వాన్ని బలంగా చెప్పుకునేవారిలో స్కాట్లండ్ పట్ల అసంతృప్తి, యూరోపియన్ యూనియన్ పట్ల వ్యతిరేకత జంటగా కనిపిస్తాయని వారు సర్వేల ఆధారంతో నిరూపించారు. ఈ నిర్ధారణ విలువైనది. అయితే సర్వే పద్ధతికి ఒక పరిమితి ఉంది. ‘న్యాయమైన వాటా’ అన్న మాటను ప్రశ్నే ముందుగా అందిస్తుంది. ఒకే కుండ, ఒకే వడ్డన అన్న చిత్రాన్ని ఒప్పుకున్న తరువాతే జవాబు చెప్పగలం. ఆ భావన ఎంత గాఢమో సర్వే కొలుస్తుంది. అది ఎలా తయారైందో తెలియాలంటే ఆర్బత్‌నాట్ దగ్గరికి వెళ్లక తప్పదు.

ఆ చిత్రంలోని పక్షపాతం లండన్ దగ్గర బయటపడుతుంది. ఇంగ్లండ్ ప్రాంతాలలో లండన్ తలసరి వ్యయం సగటుకన్నా ఎక్కువ. లండన్ తన సంపాదన తానే తింటోందన్నది దానికి వచ్చే సమాధానం. మరి ఉత్తర సముద్రపు చమురు? బ్రిటన్ అధికారిక గణాంకాలలో సముద్రగర్భం ఏ ప్రాంతానికీ చెందని భూభాగంగా నమోదవుతుంది. ఒక ఆదాయానికి ఊరుంది, మరొకదానికి లేదు. చమురు వల్ల స్వతంత్ర స్కాట్లండ్‌కు భారీ మిగులు ఉంటుందని ప్రభుత్వ ఆర్థికవేత్త గావిన్ మెక్రోన్ 1974లో రాసిన పత్రం 2005 దాకా ప్రజల కంటపడలేదు. జాతీయవాదులు 1972లో చేపట్టిన చమురు నినాదాన్నీ మినహాయించలేం. అదీ అదే పద్దు పుస్తకాన్ని అవతలి వైపు నుంచి చదవడమే. చమురు ధర పడిపోయాక ఆ చదువు వారికే ఎదురుతిరిగింది.

మన అనుభవంతో ఇక్కడొక పోలిక. తెలంగాణ మిగులు నిధుల వివాదానికి 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం ఆధారం. 1969లో కుమార్ లలిత్ కమిటీ ఆ మిగులును లెక్కగట్టింది. అక్కడ ఫిర్యాదు చేసింది చిన్న భాగస్వామి. బ్రిటన్‌లో ఫిర్యాదు పెద్ద భాగస్వామిది. పైగా బార్నెట్ సూత్రం ఏ చట్టంలోనూ లేదు, ట్రెజరీ ఆచారంగానే నడుస్తోంది.

2014 సెప్టెంబరులో, రెఫరెండానికి రెండు రోజుల ముందు, మూడు ప్రధాన పక్షాల నాయకులు బార్నెట్ కేటాయింపు కొనసాగుతుందని ‘డైలీ రికార్డ్’ మొదటి పుటలో హామీ ఇచ్చారు. 55 శాతం ఓటర్లు యూనియన్‌లో ఉండటానికే మొగ్గారు. ఫలితం వెలువడిన ఉదయమే డేవిడ్ కామెరాన్ ఇంగ్లండ్ చట్టాలకు ఇంగ్లండ్ సభ్యుల ఓట్లన్న సంగతి ఎత్తారు. మరుసటి ఏడాది ఎన్నికలలో కన్సర్వేటివ్ పోస్టరు మీద లేబర్ నాయకుడు మిలిబాండ్ అలెక్స్ సాల్మండ్ జేబులో బొమ్మలా నిలబడి ఉన్నాడు. ఇంగ్లండ్ సభ్యుల ఓట్ల నిబంధనలు 2015 అక్టోబరులో వచ్చాయి. 2021 జూలైలో కామన్స్ సభ వాటిని రద్దుచేసింది. అంతకాలం స్కాట్లండ్ వాటా గురించి గొంతెత్తిన ఇంగ్లండ్‌లో ఆ రద్దుకు చెప్పుకోదగిన నిరసన వినిపించలేదు.